దాదా గారి జీపు మళ్లీ రోడ్డెక్కాలంటే: పాత మహీంద్రా ఫోర్ బై ఫోర్ మరమ్మతు, సంరక్షణ

ఆయిల్ మిల్లు వెనకో, పశువుల కొట్టం పక్కనో, రేకుల షెడ్డులోనో టార్పాలిన్ కప్పుకుని నిలబడిపోయిన పాత జీపు మన జిల్లాల్లో ఇంకా చాలా చోట్ల కనిపిస్తుంది. దాదా కొన్నది, అబ్బా నడిపింది. పిల్లలకేమో దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు పాత ఇనుము కింద అమ్మేస్తే స్థలం ఖాళీ అవుతుందని ఉంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ బండి నిలబెట్టుకోదగ్గదా కాదా అన్నది దాని రంగు చూసి తేల్చేది కాదు. ముందు కాగితాలు, తర్వాత చాసిస్, ఆ తర్వాత బ్రేకులు చూడాలి. ఇంజన్ సంగతి వీటి తర్వాతే. చాలామంది ఈ వరుసను తిరగేసి మొదట రంగు వేయించి, చివర్లో కాగితాల దగ్గర ఇరుక్కుపోతారు. పెట్టిన డబ్బంతా అక్కడ ఆగిపోతుంది.

ఈ బండి ఎక్కడిది

జీపు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం కోసం. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధకాలంలో 6 లక్షలకు పైగా తయారుచేశాయి. యుద్ధం అయ్యాక అదే బండి పొలానికి, అడవికి, కొండదారికి పనికొస్తుందని సివిల్ మోడళ్లు వచ్చాయి. 1953లో వచ్చిన సీజే-3బి మన దేశంలో అందరికీ తెలిసిన ఎత్తు బానెట్ జీపు. బానెట్ ఎత్తుగా ఉండటానికి కారణం అందం కాదు. కొత్తగా పెట్టిన హరికేన్ ఇంజన్ పాతదానికన్నా ఎత్తు ఎక్కువ, అది పట్టడానికి రేకు పైకి లేపారు, అంతే.

మన దేశంలో దీన్ని తయారుచేసిన కంపెనీ 1945లో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. మహీంద్రా సోదరులతో పాటు భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్. అంతకు ముందు ఆయన హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు చూసినవారు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపు విడిభాగాలు ఓడలో బొంబాయికి వచ్చేవి, అక్కడ బిగించేవారు. తర్వాత ఇక్కడే తయారీ. అమెరికాలో ఆ మోడల్ 1968లో ఆగిపోయినా మన దగ్గర చాలా ఏళ్లు నడిచింది. 1980లలో ప్యూజో డీజిల్ ఇంజన్‌తో ఎంఎం 540 వచ్చింది. తహసీల్దారు ఆఫీసు, పోలీస్ స్టేషన్, అటవీ శాఖ, ఎన్నికల ప్రచారం అన్నీ ఈ బళ్ల మీదే సాగిన రోజులు అవి.

ముందు ఆర్సీ తీయండి

ఆర్సీ దాదా పేరు మీదే ఉండి ఆయన లేకపోతే, వారసుడి పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. మరణించిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి, 3 నెలల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి అని నిబంధన. ఏళ్లు గడిచిపోయిన కేసుల్లో ఆలస్యానికి రుసుము పడుతుంది గానీ దారి మూసుకుపోదు. మిగిలిన వారసుల అంగీకారం కావాలి. చాచాలు, ఫూఫీలు ఉంటే పని మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా తీసుకోండి. బండి తుప్పు పట్టి ఉన్నప్పుడు ఎవరూ అడగరు. నిగనిగలాడుతూ ఇంటి ముందు నిలబడ్డాకే వాటాల మాట వస్తుంది.

ప్రైవేటు బండికి 15 ఏళ్ల తర్వాత ప్రతి 5 ఏళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. కారు, జీపు తరగతికి ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ. 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో రూ. 10,000 చేశారు. దీనికి తోడు రాష్ట్రం వేసే గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్ ఖర్చు వేరే.

50 ఏళ్లు దాటిన బండి అయితే ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, 10 ఏళ్ల తర్వాత రెన్యువల్‌కు రూ. 5,000. కానీ షరతు గట్టిది. చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. పైగా ఆ నంబరుతో రోజూ బజారుకు, పొలానికి తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతుకు తీసుకెళ్లడం లాంటి వాటికే. కుటుంబం వాడుకునే జీపుకు మామూలు రిజిస్ట్రేషన్ బతికించుకోవడమే మేలని నా అభిప్రాయం.

కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ శాఖల వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కావడం లేదు, అవి తుక్కు కేంద్రానికి పోవాల్సినవి. అలాంటి జీపు చవగ్గా దొరుకుతోందంటే అది రోడ్డు మీద తిరిగే బండి కాదు, విడిభాగాల మూట. హర్యానాలోని మండీ డబ్వాలీ వైపు తయారయ్యే మాడిఫైడ్ జీపులు చూడ్డానికి బాగుంటాయి. లావు టైర్లు, కొత్త ఇంజన్, పాట పాడే హారన్. అయితే ఒక బండి చాసిస్, ఇంకో బండి ఇంజన్, మూడో బండి కాగితాలు కలిసి ఒక జీపు అయిన సందర్భాలు ఉంటాయి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. పెట్రోలు జీపులో డీజిల్ ఇంజన్ వేయించడం ఒకప్పుడు మన దగ్గర మామూలు. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున అదే పెద్ద సమస్య అవుతుంది. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు మీరే తుడిచి, ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. ఆర్టీవో ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ అడుగుతారు కాబట్టి చాసిస్ మీద ఆ నంబరున్న చోట గ్రైండర్ పెట్టనివ్వొద్దు, లావుగా రంగు పూయనివ్వొద్దు.

ఇంకొక చిన్న మాట. జీపు అనగానే నాలుగు చక్రాలూ లాగుతాయని అనుకోకండి. మహీంద్రా వెనక చక్రాలు మాత్రమే లాగే మోడళ్లు కూడా చాలా అమ్మింది. వంగి ముందు యాక్సిల్ చూడండి. వెనకదానిలాగే దానికీ డిఫరెన్షియల్ గుండు ఉండి, దాని దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి ఉంటేనే ఫోర్ బై ఫోర్.

చాసిస్ చెప్పేదే ఆఖరి మాట

ఒక చిన్న సుత్తి తీసుకుని చాసిస్ పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము గణగణ మోగుతుంది. లోపల తుప్పు తిన్నచోట మొద్దు చప్పుడు వస్తుంది, ఒక్కోసారి సుత్తి లోపలికే దిగుతుంది. ముఖ్యంగా కమాన్లు వేలాడే బ్రాకెట్ల దగ్గర, వెనక క్రాస్ మెంబర్ దగ్గర, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట చూడాలి. స్టీరింగ్ బాక్స్ దగ్గర పగుళ్లు ఈ జీపులకు పాత జబ్బు. గ్రీజు, మట్టి గట్టకట్టి ఉంటే పగులు కనపడదు, కిరోసిన్‌తో కడిగించాకే తెలుస్తుంది.

పగులు ఉన్నంత మాత్రాన బండి పోయినట్టు కాదు. మంచి వెల్డరు పగులు చివర చిన్న రంధ్రం వేసి, అది ముందుకు పాకకుండా ఆపి, అతుకు వేస్తాడు. చాసిస్ వంకర తిరిగి ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే. చదును నేల మీద నిలబెట్టి ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి కొలవండి. రెండు కొలతలూ సమానం కాకపోతే ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిందన్నమాట.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌ను లేపడం

కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టేయాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. అది ఆపుకోండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసి ఉంటే ఆ బలానికి రింగులు విరుగుతాయి. పెట్రోలు ఇంజన్ అయితే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ అయితే హీటర్ ప్లగ్గులో నాజిళ్లో విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త పల్చటి నూనె పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. తర్వాత చేత్తో నెమ్మదిగా తిప్పండి. పాత జీపులకు ముందు నుంచి పెట్టి తిప్పే హ్యాండిల్ ఉండేది అందుకే. తేలిగ్గా తిరిగిందంటే సగం దిగులు తీరినట్టే. అప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చి, ఎయిర్ క్లీనర్ తీసి చూడాలి. ఎలుకలు గూడు కట్టి ఉండటం కొత్తేమీ కాదు.

పాత పెట్రోలు ట్యాంకులో జిగురులా మారి ఉంటుంది, మొత్తం తీసేయాలి. సీజే మోడళ్లలో ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. దానికి చిల్లి పడితే దయచేసి పక్క వెల్డింగ్ షాపుకు పంపకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి నిప్పు తగలగానే పేలుతుంది. ఈ పనిలో ప్రాణాలు పోతాయి. రేడియేటర్, ట్యాంకుల పని మాత్రమే చేసేవాళ్ల దగ్గర శుభ్రంగా కడిగించి, ఆవిరి లేదని తేల్చుకున్నాకే వేడి తగలనివ్వాలి. లేదంటే కొత్త ట్యాంకు చేయించుకోండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. ఇరవై శాతం దాకా కలిసిన పెట్రోలు ఆ కాలపు రబ్బరుకు పడదు. పెట్రోలు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించండి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో అలాంటి పెట్రోలు నిల్వ ఉంచితే ట్యాంకు లోపల తుప్పు మళ్లీ మొదలవుతుంది. డీజిల్ బళ్లకు వేరే తలనొప్పి: లైన్‌లో గాలి దూరడం. ఫిల్టర్ విప్పిన ప్రతిసారీ చేతి పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. సెల్ఫ్ కొడుతూనే ఉంటే బ్యాటరీ దిగిపోవడం తప్ప లాభం లేదు.

ఇంజన్ మొత్తం విప్పి చేయించాలా వద్దా అన్నది కంప్రెషన్ చూశాక నిర్ణయించండి. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండి, పొగ మామూలుగా ఉంటే దాని జోలికి పోవద్దు. ఎలాగూ విప్పాం కదా అని బోరింగ్ చేయించే షెడ్లు ఉన్నాయి. ప్రతి బోరింగ్‌తో అసలు సిలిండర్ బ్లాకు ఆయుష్షు కొంత తగ్గుతుంది.

బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు

పాత సీజే జీపుకు నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులే. మాస్టర్ సిలిండర్ ఒక్కటే, నాలుగు చక్రాలకూ ఒకే లైన్. ఇప్పటి కార్లలో ఒక లైన్ పోయినా రెండోది పనిచేస్తుంది. వీటిలో ఒక్క వీల్ సిలిండర్ కారినా, ఒక్క రబ్బరు పైపు పగిలినా పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. అందుకే ఆగిపోయి ఏళ్లయిన జీపులో మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు పైపులు అన్నీ కొత్తవి వేయాలి. ఇనుప పైపులు లోపల తుప్పు పట్టి ఉంటే అవి కూడా. బ్రేక్ ఫ్లూయిడ్ బదులు చేతికందిన నూనె పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి పట్టేస్తాయి. పాత బ్రేక్ షూల లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి గాలి కొట్టి దుమ్ము లేపడం మన షెడ్లలో అలవాటు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నష్టం. తడి గుడ్డతో తుడవమనండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

హ్యాండ్ బ్రేక్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. అది చక్రాలను పట్టుకోదు. గేర్ డబ్బా వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఉన్న చిన్న డ్రమ్మును పట్టుకుంటుంది. దీనివల్ల వచ్చే చిక్కేమిటంటే, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపితే డిఫరెన్షియల్ పుణ్యమా అని లేచిన చక్రం ఒకవైపు తిరిగి, నేల మీది చక్రం రెండోవైపు దొర్లుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసే ఉంటుంది, బండి మాత్రం జాకీ మీంచి కిందపడుతుంది. టైరు మార్చేటప్పుడు మిగతా చక్రాలకు రాయో దిమ్మో రెండు వైపులా పెట్టకుండా కింద దూరకూడదు. బండి నడుస్తుండగా ఆ బ్రేక్ లాగడం కూడా మంచిది కాదు. భారమంతా షాఫ్ట్ మీద, క్రాసుల మీద పడుతుంది.

టైరు మాట వచ్చింది కాబట్టి: విల్లీస్ పద్ధతి బళ్లలో ఎడమ వైపు చక్రాల నట్లు తిరగమర రకం. కొత్త కుర్రాడు పైపు తగిలించి బలంగా తిప్పి స్టడ్డు విరగ్గొట్టేది ఇక్కడే. విప్పే ముందు స్టడ్డు మీద మర ఏవైపు తిరిగిందో చూడండి.

నాలుగు చక్రాల లెక్క

జీపులో పెద్ద లివరు గేర్లది. పక్కన ఉండే రెండు చిన్న లివర్లలో ఒకటి ముందు యాక్సిల్‌ను కలుపుతుంది, రెండోది హై, లో మార్చుతుంది. లోలో వేయాలంటే ముందు యాక్సిల్ కలిపే ఉండాలి. లో గేరు బలమంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీద పడకూడదని ఆ ఏర్పాటు.

ఈ రకం బండిలో ముందు, వెనక షాఫ్టులు కలిపాక రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం పోవాలి. బురదలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ ఒత్తిడి అంతా గేర్లలో, క్రాసుల్లో, యాక్సిళ్లలో చుట్టుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, లివరు బయటికి రాదు. అప్పుడు సుత్తితో కొట్టకండి. నాలుగు గజాలు నిటారుగా వెనక్కి నడిపితే ముడి వదులవుతుంది, లివరు దానంతటదే వస్తుంది. ఎండిన రోడ్డు మీద ఫోర్ వీల్ వేసుకుని తిరగడం గొప్పగా అనిపించినా బండిని చేతులారా విరగ్గొట్టుకోవడమే. ఇదే కారణంగా నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి. వెనక రెండూ కొత్తవి, ముందు రెండూ అరిగినవి అంటే ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ అదే గొడవ.

పాత మూడు గేర్ల డబ్బా, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ డబ్బా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో సీలు అరిగితే ఒకదాని ఆయిల్ రెండోదానిలోకి పోతుంది. బయట ఒక్క చుక్క కారదు, కానీ ఒక డబ్బా ఎండిపోతూ ఇంకొకటి పొంగుతుంటుంది. రెండింటి ప్లగ్గులూ విప్పి చూసే అలవాటు ఉంటేనే ఇది దొరుకుతుంది. ముందు చక్రాల లోపలివైపు ఉండే గుండ్రటి ఇనుప బంతి దగ్గర సీలు పోతే నీళ్లు లోపలికి వెళ్లి కింగ్ పిన్ బేరింగులు తినేస్తాయి. గ్రీజు బయటికొచ్చి బ్రేక్ షూలు తడిసిపోవడమూ జరుగుతుంది. ఫోర్ వీల్ అవసరం లేకపోయినా నెలకొకసారి మట్టి దారిలో వేసి కాసేపు నడపండి, లేకుంటే లివర్లు పట్టేస్తాయి.

నలభై యాభై వేగంలో గుంత తగలగానే స్టీరింగ్ చేతిలో గజగజ కొట్టుకుందంటే చక్రం బ్యాలెన్స్ ఒక్కటే చేయించి ఊరుకోకండి. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాన్ బుష్షులు, షాకిళ్లు వరుసగా చూడాలి. ఒక్కటి వదులుగా ఉన్నా చాలు. మనవాళ్లు పండక్కి పిల్లలందరినీ వెనక ఎదురెదురు సీట్లలో ఎక్కించుకుని బయల్దేరతారు. ఈ బండి ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ, వేగంగా మలుపు తిప్పితే బోర్లా పడుతుంది. పక్క సీట్లలో పట్టుకోవడానికి కడ్డీ తప్ప ఏమీ ఉండదు. ముందు సీట్లకు బెల్టులు పెట్టించండి. పిల్లలతో ఉన్నప్పుడు ఊళ్లో వేగం దాటకండి, హైవే ఎక్కకండి.

రేకు, రంగు, ఉస్తాద్

బాడీ దించాకే కింద ఎంత పాడైందో తెలుస్తుంది. కాళ్లు పెట్టే చోటు, టూల్ బాక్సు అడుగు, వెనక చక్రాల పైన తుప్పు ఎక్కువ. తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొట్టింది రెండు వానాకాలాలకు బయటపడుతుంది. కుళ్లిన రేకు కోసి కొత్తది అతికించాలి. పాత రంగు ఏమిటో డాష్‌బోర్డు వెనకో, సీటు కిందో గీరితే కనిపిస్తుంది. మిలటరీ జీపు కాకపోయినా అందరూ ఆలివ్ గ్రీన్ వేయిస్తున్నారు. ఎవరిష్టం వారిదే గానీ రంగు మారితే ఆర్సీలో రాయించుకోవాలని మర్చిపోవద్దు.

అన్నిటికన్నా కష్టం విడిభాగాలు కాదు, వాటిని బిగించే చెయ్యి. విల్లీస్ డిజైన్ ప్రపంచమంతా పాకింది కాబట్టి క్రాసులు, సీళ్లు, గాస్కెట్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఆ కింగ్ పిన్ కింద ఎన్ని పల్చటి రేకులు పెట్టాలో వేలితో చెప్పగలిగే ఉస్తాదులు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు. వాళ్ల పిల్లలు స్కానర్ పెట్టి కొత్త కార్లు చూస్తున్నారు, తప్పేమీ లేదు. అలాంటి ఉస్తాద్ మీ ఊళ్లో ఇంకా ఉంటే కొత్త షోరూము మెరుపుల కన్నా ఆయన చెయ్యే నమ్మండి. తొందర పెట్టకండి, కూలి దగ్గర బేరమాడకండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటోలు తీయించండి, ప్రతి నట్టునూ పేరు రాసిన డబ్బాలో వేయించండి. షాగిర్ద్ కుర్రాడికి ఆ ఫొటోలే పాఠం అవుతాయి. విప్పిన పాత భాగం ఏదీ తుక్కు కింద వేయనివ్వకండి. కొత్తది సరిపోనప్పుడు లేత్ మీద నమూనా కింద అదే కావాలి.

బండి తయారయ్యాక మొదటి 500 కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే తిప్పండి. తర్వాత ఇంజన్ ఆయిల్, రెండు డబ్బాల ఆయిల్ మార్చి, కమాన్ల యూ బోల్టులు, చక్రాల నట్లు, స్టీరింగ్ బోల్టులు మళ్లీ బిగించాలి. గ్రీజు నిపుల్స్ అన్నింటికీ గ్రీజు కొట్టించాలి. వాగు దాటిన ప్రతిసారీ ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పి చూడండి. ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, ఆ రోజే మార్చేయాలి.